భుజం మీద మరక

హలో… ఆయన కాదమ్మా, నేను. ఫోన్ ఆయనదే, మాట్లాడేది ఆయన భార్యని.

…పడుకున్నాడు. ఇవాళ బస్సు ఎక్కలేదు, డిపోకి సెలవు చెప్పి పడుకున్నాడు. టైలర్ చెల్లి అంటే నువ్వేగా? ఈ ఫోన్లో అలాగే రాసుకున్నాడు.

…వదినా అనకు. ఆ వరస నేనింకా ఒప్పుకోలేదు.

సూటిగా అడుగుతా. నిన్న పొద్దున క్లినిక్‌లో నువ్వు మా ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చావా, లేదా?

…అబద్ధమాడకు. చొక్కా నా చేతిలోనే ఉంది. కుడి భుజం మీద, కుట్టు దగ్గర, నారింజ రంగులో రెండు చుక్కలు. పక్కనే పులిమినట్టు ఇంకాస్త. పదకొండేళ్ళుగా లాండ్రీలో పని చేస్తున్నా అమ్మాయ్, మరక చూస్తే మనిషి ఏం చేసొచ్చాడో చెప్పేస్తా.

…చెమటా? చెమటైతే కాలరుకుంటుంది, చంకల్లో ఉంటుంది. టీబీ మాత్రలు మొదలెట్టినప్పట్నుంచీ ఆయన బనీన్లు ఉతికేది నేను, నాకు చెప్తావా? కన్నీళ్ళు కూడా ఆ రంగులోనే వస్తాయని మొదటి రోజే నర్సు చెప్పింది. ఆ మాత్రలే నువ్వూ మింగుతున్నావు.

…నవ్వుతావేం?

నవ్వు, నీకేం! రోజూ పొద్దున్నే నర్సు ముందు మాత్రలు మింగడానికి ఇద్దరికీ ఒకటే బెంచీ. ఇంటికొస్తే టైలర్ చెల్లి ఇలా అంది, టైలర్ చెల్లి అలా అంది. నాకూ హెచ్‌ఐవీ ఉంది తల్లీ. నాలుగేళ్ళుగా రాత్రి ఎనిమిదింటికి ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఆ మాత్ర వేసుకుంటున్నాం. మా కాపురంలో ఏనాడూ తప్పనిది అదొక్కటే. టీబీ మాత్రం ఆయనకే వచ్చింది… సిగ్గు విడిచి చెప్తున్నా, అది కూడా నాకొచ్చుంటే ఆ బెంచీ మీద నేను కూర్చునేదాన్ని కదా అనిపించింది.

…ఏంటి? మళ్ళీ చెప్పు.

…ఆయనవా? ఆయన కన్నీళ్ళా?

…ఓ చేతిలో గ్లాసు, ఓ చేతిలో మాత్రలు… అందుకని భుజానికి తుడుచుకున్నాడా.

మా రిపోర్టులు వచ్చిన రోజు ఏడవలేదు. వాళ్ళమ్మ పోతే ఏడవలేదు. నీ ముందు ఏడ్చాడా! నీలో ఏం చూశాడని?

…చెప్పొద్దన్నాడా? అయినా చెప్పు. చెప్పమ్మా, నీకు పుణ్యముంటుంది.

…ఎనిమిదింటి మాత్రా? ఛ, కాదు. నా కళ్ళ ముందే వేసుకుంటాడు. నీళ్ళు నేనే ఇస్తా—

…దవడలో దాచుకుని, తర్వాత ఉమ్మేస్తున్నాడా?

…ఎన్ని రోజుల్నుంచి?

పన్నెండు రోజులు! ఎదురుగా కూర్చుని నన్ను చూసి నవ్వుతూనే ఉన్నాడే…

…వాంతులా. మధ్యలో బస్సు ఆపి మరీ… ఊఁ. రెండు జబ్బుల మందులూ కడుపులో ఇమడక, ఒకటి మానేస్తే డ్యూటీ చెయ్యొచ్చనుకున్నాడు. మరి డాక్టరుతో చెప్పొచ్చుగా? నాతో చెప్పొచ్చుగా?

…తిడతాను. తిట్టకేం చేస్తా?

…నేనూ మానేస్తాననా? ఆయన మానేశాడని తెలిస్తే, నేను కూడా మాత్ర పక్కన పెట్టేస్తానని… అందుకని ఏడ్చాడా?

…

ఉన్నా. లైన్లోనే ఉన్నా. ఆ చొక్కాతోనే కళ్ళు తుడుచుకుంటున్నా. నావాటికి రంగు లేదులే, మరక పడదు.

విను. రేపు పొద్దున ఆయనతో నేనూ వస్తున్నా. ముగ్గురం డాక్టరు దగ్గరికే వెళ్దాం. బెంచీ మీద నాక్కాస్త జరుగు.

ఇవాళ ఎనిమిదింటికి నువ్వు ఫోన్ చెయ్యి. మాత్ర మింగి, నోరు తెరిచి నాకు చూపించమను. నేనడిగితే ఏదో జోకేసి తప్పించుకుంటాడు.

…ఆ, వదినా అనొచ్చులే. కానీ ఆయనకి ఏడుపొస్తే మాత్రం ఇకమీదట నా దగ్గరే ఏడవాలి. ఆ ముక్క కూడా నువ్వే చెప్పు… నీ మాటైతే వింటాడు.