గెలిపించిన నేరం

ముందురోజు ఆఖరి క్షణంలో బంతి బుట్టలో వేసి జట్టును గెలిపించిన సీనియర్ ఆటగాణ్ణి, బఫెలో నగర బాస్కెట్‌బాల్ జట్టు కోచ్ పొద్దున్నే తన గదిలోకి పిలిచాడు. తెరిచి ఉన్న తలుపు అవతల కోర్టులో కుర్ర ఆటగాళ్ళు కేరింతలు కొడుతూ ప్రాక్టీసు చేస్తున్నారు. కోచ్‌కు ఎదుటివాడి మొహం చూడబుద్ధి కాలేదు.

“టీవీవాళ్ళు కూసేలోపు నేనే చెబుదామని పిలిచా. మన యజమానులు నిన్ను డెన్వర్ జట్టుకి ఇచ్చేశారు.”

“నిన్నటి ఆట చూడలేదా మీ పెద్దలు?”

“చూశారు. అందుకే.”

“అదేంటి కోచ్?”

“జట్టుని మళ్ళీ మొదట్నుంచీ కడుతున్నాం కదా. పట్టికలో అట్టడుగున ఉన్న జట్టుకే వచ్చే ఏడు మంచి కుర్రాణ్ణి ముందుగా ఎంచుకునే వీలుంటుంది. నువ్వేమో మమ్మల్ని కిందికి పోనివ్వట్లేదు.”

“అంటే, బాగా ఆడుతున్నానని గెంటేస్తున్నారు!”

“నీ తప్పేం లేదురా.”

“ఒక్క మాట చెప్తే బెంచీ మీద కూర్చునేవాణ్ణిగా?”

“నువ్వా? కూర్చునే రకానివేనా!”

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

“మరి రేపట్నుంచి ఈ పిల్లలకి ఏం చెప్తారు?”

“ఏముంది, నీలా ఆడమనే చెప్తా.”

“నిజంగానే నాలా ఆడితే?”

కోచ్ లేచి వెళ్ళి, ఆ మాట కోర్టులోకి వినపడకుండా తలుపు మూశాడు.