నోట్లో గుండుసూదులు

సంఘ పెద్దలకు, అన్నలకు, అక్కలకు, పనులు మానుకుని వచ్చిన మా వీధివాళ్లందరికీ వందనాలు. మన టైలరక్కను ప్రభువు సోమవారం పిలుచుకున్నారు. ఇంతమంది వచ్చారంటే, ఇంతమంది కొలతలు ఆమె దగ్గరున్నాయన్నమాట. నాకు మాట్లాడటం రాదు. పద్దెనిమిదేళ్లు ఆమె పక్క మిషను తొక్కినదాన్నని నన్ను నిలబెట్టారు.

ఆమెను పొగడను. పొగడొద్దంది. "నేను పోయాక నా నోటి సంగతి చెప్పవే, ఎవరికైనా పనికొస్తుంది" అని ఆసుపత్రి మంచం మీద మాట తీసుకుంది. మీలో కొందరికి ఆ సంగతి తెలుసు. అప్పట్లో దాన్ని నలుగురికీ మోసినవాళ్లూ ఇక్కడున్నారు. ఫర్వాలేదు, కూర్చోండి.

నా పెళ్లి గౌనుకు అక్కే కొలతలు తీసింది. నెల తర్వాత మళ్లీ కొలిస్తే నడుము మూడంగుళాలు పెరిగింది. టేపు అబద్ధం చెప్పదని ఆమె నమ్మకం. ఆ సంగతి ఒక్కరి చెవిన వేసింది. ఒక్కరంటే ఒక్కరే! సాయంత్రానికల్లా నాకు నెల తప్పిందని వీధంతా అనుకుంది. పెళ్లి ఆగిపోయింది. తీరా చూస్తే లోపల కణితి. ఆపరేషన్ చేసి తీసేశారు. పెళ్లికొడుకువాళ్లు మాత్రం మళ్లీ రాలేదు.

అక్క రోజూ ఆసుపత్రికి వచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చునేది. నేను మొహం తిప్పుకునేదాన్ని. ఇంటికి పంపించే రోజున, "నా పక్కన కూర్చుని పని నేర్చుకో, నిన్ను చూస్తుంటే నా నోరు అదుపులో ఉంటుంది" అంది. ఎందుకు వెళ్లానో నాకిప్పటికీ తెలియదు.

తర్వాతిది మీరంతా చూసిందే. ఎవరైనా వచ్చి "నీకీ సంగతి తెలుసా" అనగానే అక్క నోట్లో గుండుసూదులు పెట్టుకునేది. మామూలు సంగతికి రెండు, ఘాటైనదానికి ఆరు! ఒకసారి మన పాస్టరమ్మగారు, కోప్పడకండమ్మా, పాటల బృందం ముచ్చట్లు మొదలుపెడితే డబ్బా ఖాళీ అయింది. నవ్వండి. అక్కే నవ్వేది.

కానీ ఆమెను ఆపింది సూదులా? కాదండీ. కబుర్లంటే ఆమెకు ప్రాణం, నోరు దురద పెట్టేది. పొద్దున్నే మిషను మీద చెయ్యి వేసి ఒకటే ప్రార్థన: "ప్రభువా, నిన్నటి సాయం నిన్నటితో అయిపోయింది. ఇవాళ్టిది ఇవాళ ఇవ్వు." పన్నెండేళ్ల తర్వాత కూడా ఒకరోజు జారింది. పక్కింటామె కాపురం గురించి ఒక ముక్క అనేసింది. కత్తెర అక్కడే పడేసి, అన్నం కూడా తినకుండా వెళ్లి, ఆమెకే చెప్పి క్షమించమంది. మర్నాడు మళ్లీ అదే ప్రార్థన. ఇన్నేళ్లయినా ఇంకా అడగాలా అక్కా అంటే, "ఆకలి రోజూ వేస్తుంది కదే" అంది.

అక్కా, ఒక్క మాట. నిన్ను క్షమించానని నేనెప్పుడూ నోటితో అనలేదు. పక్కన కూర్చుంటే చాలనుకున్నాను. నువ్వు ఎదురుచూశావు, నాకు తెలుసు. నువ్వు నోరు మూసుకునే బలం అడిగావు, నేను తెరిచే బలం అడగలేదు. ఇవాళ అడిగి వచ్చాను. క్షమించాను అక్కా. ఎప్పుడో క్షమించాను.

దయచేసి అందరూ లేచి నిలబడండి. రెండు నిమిషాలు ఎవరి గురించీ ఏమీ అనకుండా ఉందాం. అక్క రోజూ దేవుణ్ని అడిగి తెచ్చుకున్నది ఇదే.