ఈ ఉదయం తొంభై

హలో… ఆ, నేనే అక్కా. నీకే చేద్దామనుకుంటున్నా, ఇంతలో నువ్వే చేశావు. నీకు నూరేళ్లు.

…పనేం లేదు. మేడ మీద కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతున్నా. మీ మరిది ఇందాకే వెళ్లారు… ఆ, స్కూలు బస్సు తియ్యడానికే. ఇంకాసేపట్లో మా వీధిలోకే వస్తారు, ఇక్కడి పిల్లల్ని ఎక్కించుకోవాలిగా.

…షుగరా? అదే చెప్పబోతున్నా. తొంభై.

…అవునక్కా, తొంభై. పరగడుపున. మిషన్లో నా కళ్లతో నేను చూశాను. రోజూ లేవగానే రెండొందలు, రెండొందల ఇరవై… ఇవాళ తొంభై. సంతోషం పట్టలేకపోతున్నాననుకో.

…టెస్టు ఇవాళే. ఈ ట్రిప్పు పిల్లల్ని దించాక స్కూల్లోనే డ్రైవర్లందరికీ రక్తం తీస్తారట. ఎక్కువొస్తే ఇక స్టీరింగ్ ముట్టుకోనివ్వరు. గేటు దగ్గర స్టూలేసి కూర్చోబెడతారు. ఆ స్టూలు తలుచుకునే మనిషి సగమైపోయారు.

…ఎలా తగ్గిందంటే… ముందు ఎవరికీ చెప్పనని మాటివ్వు.

…నడక నడిచాం, టీలో చక్కెర మానేశాం, ఏం చేసినా పొద్దున అంకె మాత్రం మొండికేసింది. తినకపోయినా తెల్లారుజామున ఒంట్లోంచే చక్కెర ఊరుతుందట, డాక్టరు చెప్పాడు. ఇక ఏం చేస్తాం? రాత్రి పడుకోబోయే ముందు పొట్టకి పొడుచుకునే ఇన్సులిన్ పెన్ను ఉంది చూడు, నీకూ ఉందిగా… దాని మీద అంకెలు ఆయనకు ఆనవు. కళ్లద్దాలు పెట్టుకోమంటే బద్ధకం. నేను తిప్పి ఇస్తా, ఆయన పొడుచుకుంటారు. డాక్టరేమో, తగ్గకపోతే కొన్నాళ్లకోసారి కాస్త కాస్త పెంచమన్నాడు. తెల్లారితే పరీక్ష పెట్టుకుని కాస్త కాస్తేంటక్కా? నీళ్లు కాగకపోతే మంట పెంచమూ… రాత్రి గట్టిగానే తిప్పాను.

…ఎంతంటే… ఉన్నదానికి రెండింతలు.

…ఆ, రెండింతలే.

…ఆయనకు తెలీదు. చెప్తే పొడుచుకుంటారా ఏంటి.

…కోప్పడకు. దిగిందా లేదా, అది చెప్పు.

…రాత్రి భోజనమా? అబ్బ, అది తలుచుకుంటేనే నవ్వొస్తోంది. నేను టీవీ ముందుంటే కంచం పట్టుకుని వంటింట్లోకి పోయారు. ఇందాక చెత్త బుట్ట ఖాళీ చేస్తుంటే ఏముందీ, అన్నమంతా కూరగాయల తొక్కల కింద దాచిపెట్టి ఉంది. ఇటు నేను మందు పెంచితే, అటు ఈయన తిండి మానేశారు. ఇద్దరికిద్దరం సరిపోయాం.

…లేదు, పొద్దున కూడా ఏం తినలేదు. టీ అయినా ముట్టలేదు. రక్తం పరగడుపునే తియ్యాలిగా… షుగరు మాత్ర మాత్రం వేసుకున్నారు, అది మర్చిపోరు.

…చెమటలా? పట్టాయి. దిండు తడిసి ముద్దయింది. ఉక్కపోత అనుకున్నా.

…నాకా? …నాకేం పట్టలేదు. దుప్పటి కప్పుకునే పడుకున్నా.

…తేడాగా అంటే… చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నారు. చెప్పులేసుకుంటూ నన్ను చూసి, "వెనక్కెళ్లి కూర్చో పాపా, కిటికీలోంచి వేలాడకు" అన్నారు. నేను పడీ పడీ నవ్వాను. ఆయన నవ్వలేదు.

…నిద్రమత్తు అక్కా. పరీక్ష భయం…

…ఎందుకలా అరుస్తావు. నెమ్మదిగా చెప్పు.

…ఇంకా దిగుతుందా? అదేంటి, తొంభై దగ్గర ఆగిందిగా…

…ఆగదా.

…రాత్రి ఎక్కించింది పగలంతా పని చేస్తూనే ఉంటుందా. నాకా సంగతి తెలీదే.

…జేబులో చాక్లెట్లా? ఉండేవి. షుగరు మరీ దిగిపోతే నోట్లో వేసుకోడానికి డాక్టరే ఉంచుకోమన్నాడని అన్నారు… అవన్నీ సాకులు అనుకున్నానక్కా. తీపి మీద ఆశ చావక చెప్తున్నారనుకున్నా. నిన్ననే తీసి పక్కింటి పిల్లలకు పంచిపెట్టాను.

…ఒక్కటి కూడా లేదు.

…చేస్తాను గానీ, ఎత్తరు. స్టీరింగ్ ముందు కూర్చుంటే ఫోన్ ఆపేసి పెట్టెలో పెట్టాలి, స్కూలు వాళ్ల రూలు. బస్సులో ఆయా ఉంటుంది, ఆమె నంబరు నా దగ్గర లేదు.

…స్కూలుకా? స్కూలుకి చెప్తే ఈ పూటే ఉద్యోగం ఊడుతుంది…

…సరే. సరే, ఊడితే ఊడనీ, ముందు ఆయనకు తీపి పట్టి అప్పుడు చేస్తా. నువ్వు తిట్టకు.

…ఇదిగో, చక్కెర డబ్బా తీశాను. బస్సు ఆగగానే ఎక్కి నోట్లో పోస్తా… నీళ్లలో కలిపా? …మెలకువగా ఉంటేనే తాగించాలా. అలా అనకు అక్కా, మెలకువగా లేకపోవడమేంటి. బస్సు నడుపుతున్న మనిషి.

…పెట్టెయ్యకు. నాతోనే ఉండు. నీళ్లన్నీ గట్టు మీద ఒలకబోశాను, మళ్లీ కలుపుతున్నా.

…ఆగు ఆగు. వచ్చింది. బస్సు వచ్చిందక్కా, మందుల షాపు మలుపు తిరిగింది. మేడ మీంచి కనిపిస్తున్నారు, బాగానే కూర్చున్నారు… అమ్మయ్య. ఊరికే నిన్నూ కంగారు పెట్టాను.

…చూస్తూనే ఉన్నా. నెమ్మదిగానే వస్తోంది. పిల్లలు బ్యాగులు తగిలించుకుని రోడ్డు అంచుకి వచ్చారు.

…ఆగుతారు. రోజూ ఇక్కడే ఆగుతారు.

…ఆగలేదు.

…పిల్లలు పక్కకి దూకారక్కా. ఎవరికీ తగల్లేదు. వీళ్లను దాటి పోతోంది.

…ఉన్నారు. సగం బస్సు పిల్లలే. నేను కిటికీలో కనపడ్డానని నాకు చేతులూపుతున్నారు.

…ఇంకెక్కడికి, వీధి చివర గోడే. అక్కడ ఎడమకు తిప్పాలి. తిప్పుతారు. రోజూ తిప్పే మలుపే, కళ్లు మూసుకున్నా తిప్పుతారు.

…తిప్పుతారక్కా.

తిప్పడం లేదు…