బాటిక్ చొక్కాకు దక్కిన టిప్పు

మలేసియాలోని ఇపో పట్నం నుంచి లంకావి ద్వీపానికి సరదాగా వచ్చిన పెద్దవయసు దంపతులు వాళ్లు. ఆయన కుడి గుప్పిట బిగించి, రొప్పుతూ హోటల్ గదిలోకి వచ్చాడు. ఆ గుప్పిట ఆవిడ కంట పడకూడదని ఆయన తాపత్రయం.

“టీ తెత్తానని ఎల్లినారు. టీ ఏదండీ?”

“మర్సిపోయినాను లా,” అన్నాడాయన, మలేసియా వాళ్ల అలవాటుగా మాట చివర ‘లా’ తగిలించి.

“ఆ సెమటేటి?”

“మెట్ల కాడ ఒక తెల్ల దొరసాని పెట్టె ఎత్తలేక అవస్త పడతన్నాది. పైకి మోసినాను.”

“మంచి పనే. సేతిలో ఏటి?”

“ఏటీ నేదు.”

“తెరండి.”

తెరిచాడు. నలిగిన పది రింగిట్ నోటు.

“పొద్దున్నే సెప్పినాను, ఆ బాటిక్ సొక్కా వద్దని! ఇక్కడి పనోళ్లందరిదీ అదే సొక్కా!”

“నాకేటి తెలుసు?”

“నిన్న మన పెట్టెలు మోసినోడికి టిప్పు ఇద్దామంటే ఏటన్నారు? మలేసియాలో ఆ అలవాటు నేదు, ఇత్తే ఆడికి అవమానం అన్నారు.”

“అన్నాను.”

“మరి మీకు అవమానం అయినాదా?”

ఆయన నోటును ఒకసారి సాపు చేసుకున్నాడు.

“నవ్వుతా ‘తెరిమా కాసి’ అన్నాది లా. ఇన్నేళ్లు నీ పెట్టెలు మోసినాను, నువ్వెప్పుడైనా తాంక్స్ అన్నావా?”

“సర్లెండి. నిన్నటోడికీ ఏదో ఒకటి ఇచ్చి రండి.”

“ఇత్తాను. అలాగే టీ కూడా తెత్తాను.”

ఆయన అద్దంలో కాలరు సరిచేసుకుని, హుషారుగా తలుపు దాకా నడిచాడు. ఆవిడ కిటికీలోంచి కిందికి చూసింది. టూరిస్టు బస్సు ఒకటి అప్పుడే వచ్చి ఆగింది.

“ఏవండీ! ఆ సొక్కా ఇప్పేసి ఎల్లండి!”