నీడను వెనకే వదిలేసిన బతీస్త్

"మేకలు చప్పట్లు కొట్టడం మీలో ఎవరైనా చూశారా?"

తోనికా బార్ ముందు వేసిన పొడవాటి బల్ల మొత్తం ఒక్కసారిగా నమలడం ఆపింది. అడిగినవాడు బతీస్త్. బెనిసారా సైకిల్ సంఘంలో ఆయనకంటే పెద్ద పొట్టలు ఒకటి రెండు ఉన్నాయేమో గానీ, ఆయనకంటే పెద్ద నోరు మాత్రం లేదు. శనివారం పొద్దున్నే సంఘమంతా సముద్రపు ఒడ్డు నుంచి బయల్దేరి, నారింజ తోటల మధ్య నుంచి చెమటలు కక్కుకుంటూ ఎక్కి ఇక్కడ దిగబడుతుంది. ఎస్మోర్సార్ అనే పొద్దుటి తిండి కోసం. దాన్ని టిఫిన్ అనుకునేరు. మోచెయ్యంత రొట్టెలో పంది మాంసం, చిక్కుడు గింజలు, పక్కన వేరుసెనక్కాయలు, ఊరేసిన ఆలివ్ కాయలు, సోడా కలిపిన వైన్, ఆఖర్న రమ్ముకు నిప్పంటించి దాని మీద కాఫీ పోసిన చిన్న గ్లాసు. సైకిల్ తొక్కడం దీనికి వంక మాత్రమేనని ఇళ్ళలో ఉన్నవాళ్ళు అనుకుంటారు. ఆ అనుకోవడంలో పెద్ద తప్పేం లేదు.

బతీస్త్ మాత్రం సంఘంతో కలిసి రాడు. అందరూ రొప్పుతూ వచ్చేసరికి ఆయన సంఘం చొక్కా తొడుక్కుని, సైకిల్ని గోడకు ఆనించి, బల్ల మధ్యలో పెళ్ళికొడుకులా కూర్చుని ఉంటాడు. మీరు కింద నుంచి తాబేళ్ళలా పాకుతూ వచ్చారు, నేను గరోఫా కనుమ ఎక్కి, అవతల ఉత్తరం వైపు దిగి, కొండంతా చుట్టేసి వచ్చాను అంటాడు. ప్రతి శనివారం ఇదే పాట.

సంఘంలోని అమ్మాయి ఎంపార్ మాత్రం తన రొట్టె ముట్టలేదు. ఇవాళ కాఫీ గ్లాసులు రాగానే చేతులెత్తి నాయకుణ్ణి ఎన్నుకోవాలి. అక్టోబరులో సంఘం ఏటా చేసే పెద్ద యాత్రకి ఏ దారిన పోవాలో నాయకుడే చెబుతాడు, ముందు చక్రం అతనిదే. నిలబడ్డది ఇద్దరు, బతీస్త్, ఎంపార్. బతీస్త్ చెప్పిన దారి గరోఫా కనుమ ఎక్కి ఉత్తరం వైపు దిగడం. నిన్న సాయంత్రం ఎంపార్ ఒక్కతే ఆ దారిన పోయి చూసింది. కిందటి వారం గాలివానకి రాతిగోడ మలుపు దగ్గర గోడ కూలి, సగం రోడ్డు లోయలోకి జారిపోయింది. పైనుంచి దిగేవాడికి మలుపు తిరిగేదాకా అది కనపడదు. తిరిగాక కనపడి లాభం లేదు. పొద్దుటి నుంచి ఒక్కొక్కరి పక్కన తొక్కుతూ ఇదే చెప్పింది. ఒక్కొక్కరూ ఇదే జవాబిచ్చారు. బతీస్త్ వారం వారం అటే కదమ్మా దిగేది, రోడ్డు అద్దంలా ఉందన్నాడు.

ఆమె పక్కన కూర్చున్న నేలా ఈ వసంతంలోనే సైకిలెక్కింది. కొండ ఎక్కడం వచ్చేసింది గానీ దిగడమంటే ఇంకా భయమే, వేళ్ళు తిమ్మిరెక్కేదాకా బ్రేకులు బిగించి పట్టుకుంటుంది. నాకేం తెలుసక్కా, ముందున్నవాళ్ళ చక్రం చూసుకుంటూ వచ్చేస్తాను అంటుంది. ముందున్న చక్రం ఎవరిదన్నదే ఎంపార్ బాధ.

"ఎవరూ చూళ్ళేదా, సరే," అన్నాడు బతీస్త్, ఆలివ్ గింజ ఉమ్మేస్తూ. "అయితే మొదట్నుంచీ చెప్పాలి. అసలు ఇవాళ నాకు తొక్కే ఉద్దేశమే లేదు. నిజం చెబుతున్నాను. పొద్దున్నే లేచాను, ఒళ్ళు బద్ధకంగా ఉంది, సగం అరటిపండు తిన్నాను, మిగతా సగం పిల్లికి పెట్టాను, ఏదో అలా కనుమ దాకా గాలి పీల్చుకుని వద్దామని బయల్దేరాను."

ఇంతవరకూ బాగానే ఉంది. పిల్లి సంగతి తప్ప ఎవరికీ అనుమానం రాలేదు, పిల్లి అరటిపండు తినదు గనక.

ఆ తర్వాత ఏమైందంటే, కింద వంతెన దాటేసరికి కాళ్ళు వాటంతటవే తిరగడం మొదలెట్టాయట. ఆపుదామంటే ఆగవట. గొలుసు వేడెక్కి ఎర్రబడిందట. చేతిలో నీళ్ళు లేవు, ఏం చేస్తాడు పాపం, పక్క తోటలో నారింజకాయ ఒకటి తెంపి తొక్కుతూనే గొలుసు మీద పిండాడట. కొండ కింద ఊరంతా ఎవరింట్లోనో నారింజ పాకం కాస్తున్నారనుకున్నారట.

"ఈ నెల్లో నారింజ ఇంకా పచ్చిది కదా," అన్నాడు కేలో. సంఘంలో అందరికన్నా పెద్దవాడు, మోకాళ్ళు అరిగినా నాలుక అరగలేదు.

"నా గొలుసు వేడికి పండింది," అన్నాడు బతీస్త్, తడుముకోకుండా.

బల్లంతా గొల్లుమంది. ఎంపార్‌కి కూడా నవ్వొచ్చింది, అందుకే ఇంకా ఒళ్ళు మండింది. ఈ మనిషి అబద్ధాలకి ఓ అందముంది, అదే అసలు ప్రమాదం. కాలేజీలో వాదనల పోటీల్లో ఇలాంటివాళ్ళని ఆమె చాలామందినే చూసింది. లెక్కలతో, సాక్ష్యాలతో లేచినవాడు గొంతు సవరించుకుంటుండగానే, ఇలాంటివాడు సభని నవ్వించి కప్పు పట్టుకుపోతాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైన సైకిల్ పందేలవాళ్ళు తగిలారు. మామూలువాళ్ళు కాదు, సైకిలెక్కితే జీతమొచ్చే రకం. చలికాలం మన కొండలకొచ్చి పడుంటారే, ఆ బాపతు. అందరికీ ఒకే రంగు చొక్కాలు, వెనకాల కారు, కారు మీద ఇంకో పది సైకిళ్ళు. నేను ఈల వేసుకుంటూ పక్క నుంచి పోయాను. పోతే పోయాను, పాపం కుర్రాళ్ళు, ఆయాసపడుతున్నారు కదా అని నా వెనక గాలిచాటున రమ్మన్నాను. అంతే, తొక్కడం మానేశారు. నా వెనక గాలి లేదు గదా, వాళ్ళంతట వాళ్ళే జారుకుంటూ పైకొస్తున్నారు. చూసి చూసి ఆ కారువాడు కూడా ఇంజిన్ ఆపేశాడు."

"కారు కూడా పైకే జారిందా?" అడిగింది బార్ నడిపే తోనికా, వేరుసెనక్కాయలు పోస్తూ.

"పెట్రోలు మిగిలిందని నన్ను ముద్దు పెట్టుకున్నాడు తోనికా. ఇదిగో, ఈ బుగ్గ."

అక్కడి నుంచి కథకు పగ్గాల్లేవు. కనుమ పైభాగం గోడలా నిటారుగా నిలబడిందట. ముందు చక్రం లేచి నెత్తి మీదికొస్తుంటే గెడ్డంతో అదిమిపట్టి తొక్కాడట. ఆ వేగానికి ఆయన నీడ తట్టుకోలేకపోయిందట. మొదట పక్కనే వచ్చింది, కాసేపటికి వెనకబడింది, ఆఖరికి రోడ్డు పక్కన రాయి మీద కూలబడి, నువ్వు పో, నేను నెమ్మదిగా వస్తానంది.

"వచ్చిందా మరి?" అన్నాడు కేలో.

"ఇప్పుడే వచ్చింది. కుర్చీ కింద చూడు, ఇంకా రొప్పుతోంది."

ముగ్గురు నలుగురు నిజంగానే వంగి చూశారు. ఎంపార్ ఆ వంగిన వీపుల్ని లెక్కపెట్టింది. నాయకుణ్ణి ఎన్నుకోబోయేది ఈ వంగినవాళ్ళే.

కొండ కొసన మేకల మంద ఉందట. ఆయన రావడం చూసి అవి వెనక కాళ్ళ మీద లేచి, ముందు గిట్టలతో చప్పట్లు కొట్టాయట. ఆ సంబరంలో బ్రేకు వేయడం మరిచిపోయి, కొసన ఆగక గాల్లోకి లేచిపోయాడట. పైనుంచి సముద్రం మధ్యలో దీవి కనబడిందట, దీవిలో వల ఆరేసుకుంటున్న జాలరి కనబడ్డాడట, చెయ్యి ఊపితే వాడూ ఊపాడట. దాహమేసి అటుగా పోతున్న మబ్బును పట్టుకుని సీసాలోకి పిండుకున్నాడట.

"ఉప్పగా ఉందా?" అడిగింది నేలా, తనకు తెలీకుండానే.

"మబ్బు ఉప్పగా ఎందుకుంటుందమ్మా, కాస్త నిమ్మకాయ తక్కువైంది, అంతే," అన్నాడు బతీస్త్ ఎంతో దయగా. "అసలు కథ దిగడంలో ఉంది వినండి. ఉత్తరం వైపు. ఆహా, ఏం రోడ్డది, అద్దం. బ్రేకు ముట్టుకుంటే ఒట్టు. రాతిగోడ మలుపు దగ్గర ఎదురుగా ఎవరో వస్తుంటే, తప్పుకో అని అరిచాను. అరిచానా, నా అరుపుకంటే ముందు నేనే అక్కడికి చేరాను. నా అరుపు నాకే వెనక నుంచి వినబడింది. ఎవడ్రా వీడు, నన్ను తప్పుకోమంటున్నాడు అని నేనే పక్కకి తప్పుకున్నాను."

బల్ల మీద గ్లాసులు ఎగిరిపడేలా నవ్వారు. ఎంపార్ నవ్వలేదు. రాతిగోడ మలుపు అన్నాడు. పక్కకి తప్పుకున్నానన్నాడు. ఏ పక్కకి? ఒక పక్క కొండ, ఇంకో పక్క నిన్న ఆమె చూసిన గొయ్యి. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటున్న నేలా వంక చూసింది. అక్టోబరులో ఈ పిల్ల ఆ మలుపు తిరుగుతుంది, ముందున్న చక్రాన్ని నమ్ముకుని.

"అక్కడే అడవిపంది తగిలింది," అంటున్నాడు బతీస్త్. ఇక ఆయన ఆగేలా లేడు, కాఫీ గ్లాసులు కూడా వస్తున్నాయి, చేతులెత్తే వేళ అయింది, ఆఖరి దెబ్బ గట్టిగా కొట్టాలి. పంది ఎదురుగా దూకిందట, కోరలతో కాలు చీల్చిందట, ఈయన ఆ కోరల్నే సైకిల్ హాండిల్ లాగా పట్టుకుని, సైకిల్ని భుజాన వేసుకుని, పందినెక్కి కిందిదాకా వచ్చాడట. ఎవరో నమ్మనట్టు మూతి విరిచారు. అంతే, ఆయనకి రోషం పొడుచుకొచ్చింది. "గాయం చూపిస్తే గానీ నమ్మరా?" అంటూ కాలు ఎత్తి కుర్చీ మీద పెట్టాడు. తొడ నుంచి మడమ దాకా బిగుతుగా ఉన్న నల్లటి తొడుగును చరచరా కిందికి లాగాడు.

పిక్క మీద గీత ఒకటి ఉంది. దోమ కుడితే గోకినంత. దాన్ని ఎవరూ చూడలేదు. అందరూ కాలినే చూశారు.

తెల్లగా ఉంది. ఒలిచిన వెల్లుల్లిలా, అప్పుడే తీసిన జున్నులా తెల్లగా ఉంది. ఎండలు మండిన వేసవంతా గడిచి సెప్టెంబరు వచ్చింది, ఆ బల్ల చుట్టూ ఉన్న ప్రతి కాలికీ రెండు రంగులున్నాయి. తొడ సగం నుంచి మేజోడు దాకా మాడిన రొట్టె రంగు, కింద పాలరంగు, మధ్యలో చాకుతో గీసినట్టు గీత. కేలో ముసలి కాళ్ళకీ ఉంది. వసంతంలో మొదలెట్టిన నేలాకీ ఉంది. ఆ గీత కోసం కుర్రాళ్ళు సముద్రపు ఒడ్డున కూడా మేజోళ్ళు విప్పరు. అది సంఘం చొక్కాకంటే పెద్ద గుర్తు. బతీస్త్ కాలు మాత్రం పై నుంచి కింద దాకా ఒకటే రంగు.



"ఈ కాలికి ఎండ తగిలి ఎన్నాళ్ళయింది మామా?" అంది ఎంపార్.

బతీస్త్ కాలు చూసుకున్నాడు, జనాన్ని చూశాడు. మొనగాడే, ఒప్పుకోవాలి. "నా వేగానికి ఎండ నన్ను అందుకోలేకపోయిందమ్మాయ్," అన్నాడు.

నవ్వు పేలింది. ఒక్క క్షణం బల్లంతా ఆయన వైపు మళ్ళీ ఒరిగిపోయింది. కేలో కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాడు. ఎంపార్ ఆ నవ్వు పూర్తిగా అయిపోయేదాకా నిలబడింది.

"బాగుంది. ఇప్పుడు నవ్వకుండా ఒక్కదానికి జవాబు చెప్పండి. ఇవాళ పొద్దున రాతిగోడ మలుపు దగ్గర గోడ ఎలా ఉంది?"

"ఎలా ఉంటుంది, గోడలా ఉంది. దాని మీద తుప్పలు, పక్కన రోడ్డు."

"గోడ లేదు మామా. కిందటి వారమే కూలింది. రోడ్డు సగం లేదు. నిన్న సాయంత్రం నేను సైకిల్ దిగి, కొండ వైపు అతుక్కుని దాటాను. మీరు బ్రేకు ముట్టకుండా దిగానన్నదీ ఆ దారే. మా అందరినీ దింపుతానంటున్నదీ ఆ దారే."

 ఎండా నీడా మేకా పందీ, ఏవీ ఈసారి బతీస్త్ పిలిస్తే పలకలేదు. మెల్లగా వంగి తొడుగు పైకి లాక్కున్నాడు.

ఇక ఆయన్ని వదిలేసి ఎంపార్ బల్ల వైపు తిరిగింది. అసలు కోపం వీళ్ళ మీదే. మీకు తెలీదా అని అడిగింది. వేసవంతా ఆ తొడుగుల వెనక ఏముందో, ఆ సైకిల్ ఎవరి బండిలో ఎక్కి ఎక్కడ దిగుతోందో, ఇంతమందిలో ఒక్కరికి కూడా తెలీదా? తలలు వేరుసెనక్కాయల్లోకి వాలిపోయాయి. కేలో గొంతు సవరించుకున్నాడు.

"తెలుసమ్మా," అన్నాడు. "కానీ శనివారం ఇంతమందికి ఇక్కడ బల్ల దొరకడం సామాన్యమా? నువ్వే చూశావుగా, అవతలి ఊళ్ళ సంఘాలన్నీ ఇక్కడే వాలతాయి. బతీస్త్ ముందుగా వచ్చి కూర్చుంటాడు. మన కోసం బల్ల పట్టి ఉంచుతాడు. ఇక ఏ దారిన వచ్చావని ఎవరడుగుతారు?"

తోనికా చేతిలో పళ్ళెం అలాగే ఆగింది. గ్లాసుల్లో రమ్ము మీద నీలంగా మంట ఆడుతోంది. ఆర్పేవాళ్ళు లేరు.

"సరే. బల్ల పట్టి ఉంచినందుకు మామకి దండం పెడదాం, నేనే ముందు పెడతాను," అంది ఎంపార్.  "కానీ కూర్చోవడానికి చోటు చూపించినవాడికి ప్రాణాలు కూడా అప్పజెప్పాలా? ఈ నేలా మీ నవ్వు చూసి నవ్వుతోంది, మీ నమ్మకం చూసి నమ్ముతోంది. ఆ మలుపులో ముందుగా పడేది మీరు కాదు, తను."

నేలా నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. గ్లౌజులు చేతుల్లో పట్టుకుని, వాటినే చూస్తూ కూర్చుంది.

ఎవరో నెమ్మదిగా, అయితే చేతులెత్తుదామా, నీకే వేస్తాం అన్నారు. ఇంకెవరో సగం చెయ్యి ఎత్తారు కూడా.

"దించండి," అంది ఎంపార్. "ఇందాకటిదాకా ఆయన మాట నమ్మారు, ఇప్పుడు నా మాట నమ్ముతారా? నన్ను కూడా నమ్మకండి. కాఫీ తాగేసి లేవండి. సైకిళ్ళు తీయండి. కనుమ దాకా ఎక్కి, అవతల నడిచి దిగి, ఆ మలుపును మీ కళ్ళతో చూడండి. అక్కడ నిలబడి, ఆ గొయ్యి పక్కన, ఎవరికి ఎత్తాలనిపిస్తే వాళ్ళకి ఎత్తండి చెయ్యి."