సగ్బాన్ మామ వంచిన రెల్లు

ఏమ్మా, బుడ్డీలో నీళ్ళు పట్టుకోవడం అయిందా? ఉప్పు ఎంతుందో నీ మిషను చెబుతుందిలే, కాస్త ఇలా కూర్చో. ఏటేటా ఇదే చోటికొచ్చి నీళ్ళు చూస్తావు కదా, నిన్ను చూస్తే మా మేనమామ సగ్బాన్ గుర్తొస్తాడు. ఆయన చూసేది నీళ్ళు కాదు, రెల్లు. ముదీఫ్, అదే మా రెల్లు అతిథిశాల, కట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. మరి రెల్లుకట్టల్ని రెండు పక్కలనుంచీ వంచి పైన ముడేస్తేనే కదా కమాను! దానికి ఎంత పొడుగు కావాలి, ఎంత సత్తువ కావాలి! సర్కారు గట్లు కట్టి ఈ చిత్తడిని ఎండబెట్టినప్పుడు అందరం బస్రా పట్నం పోయి ఇటుకబట్టీల్లో పడ్డాం, ఆ బాధలెందుకులే. గట్లు తెంచారని వినగానే పరిగెత్తుకొచ్చాం. ఏడాది తిరిగేసరికి ఎటు చూసినా పచ్చదనమే. ఇంకేం, ముదీఫ్ కట్టేద్దాం అన్నారు మావాళ్ళు. అతిథిని కూర్చోబెట్టి కాఫీ పోసే చోటు లేకపోతే అదేం ఊరు?

మామ పడవేసుకుపోయి ఒక రెల్లు కోసుకొచ్చాడు. మోకాలికి ఆనించి వంచాడు. ఫట్‌మంది. "నీళ్ళొచ్చాయిరా, చిత్తడి ఇంకా రాలేదు" అన్నాడు. మరుసటేడూ అదే చోట కోశాడు, అదే మాట. అవతలి గట్టు హతబ్ ఉన్నాడే, వాడికి నోరెక్కువ. "మేస్త్రీకి చేతులు వణుకుతున్నాయి, రెల్లుకి వంక పెడుతున్నాడు" అని ఊరంతా చెప్పి, ఆ సత్తువలేని రెల్లుతోనే తన గట్టుమీద ముదీఫ్ లేపాడు. మొదటి ఈదురుగాలికే అది బురదలో గేదెలా చతికిలబడింది. లోపలెవరూ లేరు, అల్లా దయ.

ఎన్నేళ్ళని ఆగుతారు చెప్పు? మా నాన్న విసిగిపోయాడు. "బావా, ఈ చలికాలం కూడా కాదంటే నేను బస్రా పోతా. ముదీఫ్ లేని చోట నా పిల్లకి సంబంధం ఎవడు తెస్తాడు?" అన్నాడు. నాన్న పోతే వెనకాల సగం ఊరు పోతుంది, అది మామకీ తెలుసు. అయినా ఏమన్నాడో తెలుసా? "అబద్ధపు కమాను లేపి నిన్ను ఆపనా?" అన్నాడు. అంత మొండి. నాన్న పడవలో మూటలు సర్దేశాడు.

ఆ చలికాలం చివర... అన్నట్టు ఆ ఏడే బున్నీ చేపలు మళ్ళీ వలల్లో పడ్డాయి, ఆ పులుసు రుచి ఇంకా నాలికమీదే ఉంది. ఆఁ, మామ రెల్లు కోసుకొచ్చి అందరి ముందూ వంచాడు. విరగలేదు. ఇంకా వంచాడు. రెండు కొసలూ కలిశాయి. ముసలాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడమ్మా. "వచ్చిందిరా, మన చిత్తడి వచ్చింది" అన్నాడు.

ఇంక చూడు! ఆడా మగా అందరూ దిగారు. హతబ్ తన మనుషుల్నీ పడవల్నీ తోలుకొచ్చాడు, చెబితే నమ్మవు. ఒక్కో కమానూ లేస్తుంటే ఆడవాళ్ళ కేరింతలు. చివరి కమానుకొచ్చేసరికి తాడు చాల్లేదు. మామ నిచ్చెన మీద, రెండు కట్టలూ కౌగిట్లో బిగించి "తాడు, తాడు" అంటున్నాడు. మా నాన్న గబగబా పడవ దగ్గరికి పోయి ఇంకా విప్పని మూటల తాడు ఊడలాగాడు. పరుపులు, గిన్నెలు అన్నీ బురదపాలు. మా అమ్మ తిట్లు ఆ గట్టుదాకా వినపడ్డాయి. నాన్న తాడు పైకి విసిరి, "కట్టెయ్ బావా" అన్నాడు.

మామ ఆ ముడి బిగించాడు చూడూ...

...లే తల్లీ, గేదెలొస్తున్నాయి. దారిలోంచి జరుగు.