ఇంటికి రాని మొవ్వు

సేరం దీవి. వాగు ఒడ్డున సగ్గుచెట్టు బోదెలోంచి పిసికిన పిండి తేరే తొట్టి దగ్గర దోర్తే, ఆమె మరిది ఓబెత్.

"మళ్లీ చెయ్యి పెట్టి చూడు, ఓబెత్."

"చూశాగా వదినా. తేరుకుంటోంది."

"పొద్దున్నుంచీ తేరుకుంటూనే ఉంది. అడుగున గోటికి కూడా అంటట్లేదు. అంత లావు బోదె. దవ్వంతా కొట్టి, పిసికి పిసికి నా చేతులు పడిపోయాయి. పిండేది?"

"కొన్ని చెట్లంతే."

"కొన్ని చెట్లంతే. రేపు రొట్టెల బట్టీవాళ్ల పడవ వస్తుంది. కిందటిసారీ ఒట్టి చేతులతో నిలబడ్డాను. ఈసారీ లేదంటే ఇక మన రేవులో ఆగరు. నేనూ పిల్లా దేంతో బతకాలి?"

"మా తొట్టిలోది పట్టుకుపోదువుగాని."

"అంటే మీ తొట్టిలో ఉందన్నమాట."

"అది వేరే చెట్టుది."

"ఎవరు చూశారు? దీన్ని నువ్వొక్కడివే పడగొట్టావు. నన్ను రావద్దన్నావు."

"బురద వదినా. మోకాళ్ల దాకా."

"పుట్టినప్పట్నుంచీ ఆ బురదలోనేగా ఉన్నాం. ముక్కలన్నీ వాగులో తోసుకొచ్చావా?"

"తెచ్చాను."

"తలలోని లేత మొవ్వేది మరి?"

"ఏ మొవ్వు?"

"ఏ మొవ్వంటాడు. చెట్టు పడితే ముందు ఇంటికొచ్చేది అదేగా. కూరలోకని పిల్లది చేప కూడా తెచ్చి పెట్టుకుంది."

"పందులు తినేశాయి."

"నువ్వు చూస్తుండగానే?"

"నేను ముక్కలు వాగులో తోస్తుంటే."

"మంచి ముక్కలూ మొవ్వూ మీ ఆవిడకి చేరాయి. పొట్టు ముక్కలు నాకు. అన్న పోయాడు, వదినేం అడుగుతుందిలే అని."

"అనుకో."

"అనుకోవడం కాదు. ఆ కత్తి ఇలా ఇవ్వు. నేనే పోయి చూస్తాను."

"వద్దు."

"దొంగతనం చెయ్యనోడికి భయమెందుకు?"

"దొంగననే అను. అక్కడికి మాత్రం వెళ్లకు."

"తప్పుకో, ఓబెత్."

"మొవ్వు లేదు వదినా. పూత వచ్చేసింది."

"పూతా?"

"కొట్టాక గానీ కనపడలేదు, చుట్టూ అంతా ఆకు. తల నిండా పూతే. నేనే నరికి బురదలో తొక్కేశాను."

"పూస్తే బోదెలో పొట్టు తప్ప ఏం మిగులుతుంది? పూతకి ముందే కొట్టాలిగా. ఇన్నాళ్లూ ఎందుకాగావు?"

"పోనీలే వదినా."

"పోనీలే ఏంటి? ఎందుకాగావో చెప్పు."

"కిందటేడు గొడ్డలి పట్టుకుని వస్తే, మా ఆయన నాటింది, ఇంకో ఏడు నిలబడనీ అని చెట్టుకి అడ్డం నిల్చుంది నువ్వే."